పొద్దు, గడియారం, చెలక గట్టు

మన మాటల్లో పొద్దు అంటే సూర్యుడు. పొద్దు అంటే కాలం కూడా. “పొద్దు పొడిచింది” అంటే సూర్యుడు వచ్చాడని. “పొద్దు పోవడం లేదు” అంటే కాలం గడవడం లేదని. కోయ భాషలోనూ పొద్దు అంటే సూర్యుడే. మన పెద్దలకు ఈ రెండింటికీ రెండు మాటలు అవసరం పడలేదు. “బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవవేం?” అని మా అవ్వలు మమ్మల్ని లేపేవారు. బార అంటే రెండు చేతులూ చాపిన పొడవు. అంటే కాలాన్ని పొడవుతో కొలిచారు. అదే మనిషిని “ఫలానా గూడెం ఎంత దూరం?” అని అడిగితే “పొద్దున బయలుదేరితే మాపటి కూటి వేళకు చేరతావు” అనేవారు. అంటే దూరాన్ని కాలంతో చెప్పారు.

కాలం, దూరం వేరువేరు కావనీ, ఒకే బట్టలో పడుగూ పేకా వంటివనీ ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రం చెప్పింది. మన పెద్దలకు ఇది ముందే తెలుసని మేము అనడం లేదు. అలా అంటే అటు శాస్త్రానికీ ఇటు పెద్దలకూ అన్యాయం చేసినట్టే. కానీ ఆ శాస్త్రం ఉన్న ఇంటి గడప మనకు మరీ కొత్తది కాదని మాత్రం అనగలం.

మేము ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గూడేల నుంచి చదువుకుని వచ్చినవాళ్లం. మాలో కొందరం బడుల్లో పాఠాలు చెబుతున్నాం. కొందరం ఊళ్లో అటవీ హక్కుల కాగితాలు రాసిపెడుతున్నాం. ఫిజిక్స్ మా సబ్జెక్టు కాదు. అయినా కాలం గురించి రాయాలనుకున్నాం. ఎందుకంటే మన బతుకుల్లో చాలా సంగతులు ఒక తేదీ దగ్గరే తేలుతున్నాయి. పుట్టిన తేదీ, పోడు కొట్టిన తేదీ, ఊరు పుట్టిన తేదీ. కాలం అంటే ఏమిటో తెలియకపోతే ఆ తేదీల ముందు తల వంచుకుని నిలబడాల్సి వస్తుంది.

మన నాన్నల కాలం వాళ్లలో చాలామందికి బడి రిజిస్టరులో పుట్టినరోజు జూన్ నెలలోనో, జూలై ఒకటినో ఉంటుంది. బడి తెరిచే రోజుల్లో చేర్చుకున్న సారు వయసు అంచనా వేసి వెనక్కి లెక్కపెట్టి రాశాడు. ఇంట్లో అడిగితే మాత్రం వేరే లెక్క వస్తుంది. “పెద్ద వరద వచ్చిన ఏడు, ఇప్పపువ్వు రాలే కాలంలో పుట్టాడు” అంటారు. ఈ రెండింటిలో ఏది నిజమైన తేదీ? రిజిస్టరులో అంకె ఉంది గానీ ఆధారం లేదు. అవ్వ మాటలో అంకె లేదు గానీ ఆధారం ఉంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. ఈ రెండూ కలిపితే అవ్వ చెప్పినది 1986 మార్చి, ఏప్రిల్ ప్రాంతం అవుతుంది. అవ్వ లెక్క మబ్బుమాట కాదు. దాన్ని కాగితం లెక్కలోకి మార్చే పద్ధతి తెలియాలి, అంతే. సాపేక్ష సిద్ధాంతం చేసేది కూడా ఇలాంటి పనే. ఒకరి గడియారం లెక్కను ఇంకొకరి గడియారం లెక్కలోకి మార్చే సూత్రం అది.

ముందుగా మన చేతి గడియారం సంగతి చూద్దాం. ఇప్పుడు దేశమంతా ఒకే టైము. ఎప్పుడూ ఇలాగే లేదు. బొంబాయికి ఒక టైము, కలకత్తాకు ఒక టైము ఉండేవి. రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒక టైము పెట్టారు. ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర, ఇటు మన కాకినాడ దగ్గర వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం మీద సూర్యుణ్ని బట్టి ఆ టైము కడతారు. భద్రాచలం ఆ రేఖకు పడమట దాదాపు ఒకటిన్నర డిగ్రీలకు పైగా ఉంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. కాబట్టి మన నడినెత్తి పొద్దు గడియారం కంటే సగటున ఆరు నిమిషాలు వెనక ఉంటుంది.

టీచర్లు దీన్ని బడి ఆవరణలోనే చూపించవచ్చు. చదును నేలలో నిటారుగా ఒక కర్ర పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణాన్ని పిల్లలతో రాయించండి. మన దగ్గర ఫిబ్రవరి రెండో వారంలో అది దాదాపు 12 గంటల 20 నిమిషాలకు వస్తుంది. నవంబరు మొదటి వారంలో 11 గంటల 50 నిమిషాలకే వచ్చేస్తుంది. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి సరైన గుండ్రం కాకపోవడం, భూమి ఒరిగి ఉండడం ఈ తేడాకు కారణాలు. గడియారంలో పన్నెండు అనేది మనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందం. కర్ర నీడ ఏ ఒప్పందానికీ లొంగదు. పిల్లలకు ఈ ఒక్క సంగతి కంటితో తెలిస్తే చాలు, మిగతా పాఠం తేలికవుతుంది.

ఇక అసలు సంగతి. ఒప్పందాలు పక్కన పెడదాం. రెండు మంచి గడియారాలు, ఒకే చోట తయారైనవి, ఏ లోపమూ లేనివి. వాటిలో కూడా కాలం ఒకేలా నడవదని 1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ చెప్పాడు. అప్పటికి ఆయన ప్రొఫెసర్ కాదు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ పట్నంలో పేటెంటు ఆఫీసులో చిన్న ఉద్యోగి. వయసు 26.

డోర్నకల్ నుంచి కొత్తగూడెం వచ్చే రైలు మనకందరికీ తెలుసు. దిగే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు, భద్రాచలం మాత్రం అక్కడికి ఇంకా నలభై కిలోమీటర్లు. ఆ రైల్లో ఒక పిల్లవాడు బంతిని కింద కొట్టి పట్టుకుంటున్నాడు అనుకోండి. వాడికి బంతి నిటారుగా కిందికి పోయి నిటారుగా పైకి వస్తుంది. కారేపల్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి చూసేవాడికి బంతి ఏటవాలుగా పోయి ఏటవాలుగా వస్తుంది. ఎందుకంటే ఈలోపు రైలు ముందుకు జరిగింది. ఏటవాలు దారి పొడవైనది. అయినా చిక్కేమీ లేదు. బంతికి రైలు వేగం కూడా కలిసింది కాబట్టి ప్లాట్‌ఫారం మీదివాడి లెక్కలో బంతి ఎక్కువ వేగంగా పోయి అదే సమయానికి చేతికి వచ్చింది.

ఇప్పుడు బంతి స్థానంలో వెలుగును పెట్టండి. పైనొక అద్దం, కిందొక అద్దం, మధ్యలో వెలుగు కిందికీ పైకీ కొట్టుకుంటోంది. ఒకసారి పోయి వస్తే ఒక “టిక్” అనుకుందాం. వెలుగుకు ఒక మొండి గుణం ఉంది. అది సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. రైలు మీదున్నా, నేల మీదున్నా, ఎవరు కొలిచినా అదే వేగం. రైలు వేగం దానికి కలవదు. మరి ప్లాట్‌ఫారం మీదివాడికి వెలుగు దారి పొడవైంది, వేగం మాత్రం పెరగలేదు. అలాంటప్పుడు ఆ “టిక్” కావడానికి ఎక్కువసేపు పట్టాలి. అంటే నేల మీద నిలబడ్డవాడి లెక్కలో రైల్లోని గడియారం మెల్లగా నడుస్తోంది. ఇందులో ఏ మాయా లేదు. వేగం మారనంటే కాలమే మారాల్సి వచ్చింది.

“మరి మాకు ఎందుకు తెలియలేదు?” అని పిల్లలు అడుగుతారు. అడగాలి. ఆ రైలు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో ఏడాది పొడవునా ఆగకుండా నడిచినా, తేడా సెకనును కోటి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత కూడా రాదు. మన కన్ను, మన గుండె అంత చిన్నదాన్ని పట్టుకోలేవు. మంచి గడియారాలు పట్టుకున్నాయి. 1971 అక్టోబరులో హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని ప్రపంచం చుట్టి వచ్చారు. నేల మీది గడియారాలతో పోలిస్తే తూర్పు దిశగా తిరిగినప్పుడు 59 నానోసెకన్లు తగ్గాయి. పడమర దిశగా తిరిగినప్పుడు 273 నానోసెకన్లు పెరిగాయి. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. సిద్ధాంతం ముందుగా చెప్పిన లెక్కకు ఇవి దగ్గరగా సరిపోయాయి.

ఆ లెక్కలో వేగం ఒక్కటే లేదు, ఎత్తు కూడా ఉంది. 1915లో ఐన్‌స్టీన్ ఇంకో మాట చెప్పాడు. భూమి ఆకర్షణ బలంగా ఉన్నచోట కాలం మెల్లగా నడుస్తుంది. అంటే కింద మెల్లగా, పైన వేగంగా. 2010లో అమెరికాలో ఒక గడియారాన్ని ఇంకోదాని కంటే 33 సెంటీమీటర్లు పైకెత్తి చూస్తే, పైది వేగంగా నడవడం కనబడింది. ముప్పై మూడు సెంటీమీటర్లంటే జానెడున్నర కంటే తక్కువ. మన జొన్న చేలో కావలి మంచె మూడు మీటర్ల ఎత్తు అనుకుంటే, మంచె మీద కూర్చున్న అన్న కింద గొర్రు తోలే తమ్ముడి కంటే ఏడాదికి పది నానోసెకన్లు ఎక్కువ వయసు పెంచుకుంటాడు. నూరేళ్లు దిగకుండా కూర్చున్నా తేడా సెకనులో పది లక్షలవ వంతే. ఈ తేడాతో అన్నకు ముసలితనం ముందు రాదు. కానీ అది నిజమైన తేడా.

ఇక్కడొక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఆఫీసు వరండాలో సంతకం కోసం కూర్చుంటే గంట రోజంత అవుతుంది. పండుంలో ఆటాడుతుంటే రాత్రి ఇట్టే తెల్లవారుతుంది. ఇది మనసు సంగతి, సాపేక్షత కాదు. అలాగే “అన్నీ సాపేక్షమే, ఎవరి నిజం వాళ్లది” అని కొందరు సభల్లో అంటుంటారు. ఐన్‌స్టీన్ ఆ మాట చెప్పలేదు. ఆయన చెప్పినదాంట్లో ఇద్దరి లెక్కలు వేరుగా ఉన్నా, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే సూత్రం ఖచ్చితంగా ఉంటుంది. అందరికీ ఒకేలా ఉండేవి కూడా కొన్ని ఉన్నాయి. వెలుగు వేగం ఒకటి. కారణం ముందు, ఫలితం తరువాత అనే వరస ఇంకొకటి. ఎంత వేగంగా పరుగెత్తేవాడు చూసినా తల్లి కంటే ముందు బిడ్డ పుట్టదు. విత్తు కంటే ముందు మొలక రాదు. ఎన్ని సెకన్ల తేడా ఉంది అన్నది మారవచ్చు, ఆ వరస మాత్రం తారుమారు కాదు.

ఇదంతా మన చెలకలోకి ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాం.

పోడు భూముల కొలతకు జీపీఎస్ పట్టుకుని వస్తారు. చేతిలో ఇమిడే ఆ పరికరం నిజానికి గడియారాలను వినే చెవి. భూమికి 20,200 కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల్లో అణు గడియారాలు ఉంటాయి. ఒక్కో ఉపగ్రహం “ఇప్పుడు నా టైము ఇంత” అని కేక వేస్తుంది. ఆ కేక వెలుగు వేగంతో కిందికి వస్తుంది. ఎంత ఆలస్యంగా అందిందో చూసి ఎంత దూరమో పరికరం లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల కేకలు కలిస్తే మన గట్టు మూల ఎక్కడుందో తేలుతుంది. మన కేకవేటు దూరం వంటిదే ఇది కూడా.

ఆ ఉపగ్రహాలు వేగంగా తిరుగుతాయి కాబట్టి వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. ఎత్తులో ఉన్నాయి కాబట్టి రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. రెండూ పోను 38 మైక్రోసెకన్లు ముందు. ఇంజనీర్లు దీన్ని సరిచేసి పెట్టారు. సరిచేయకపోతే దూరం లెక్కలో ఒక్క రోజుకే 11 కిలోమీటర్ల దాకా తేడా పేరుకుంటుంది. సాపేక్షత పెద్ద ప్రయోగశాలల్లో ఉండే వింత అనుకున్నాం గానీ, మన పోడు పట్టా మీది అంకెల్లోనే అది ఉంది.

ఒక నానోసెకనులో వెలుగు 30 సెంటీమీటర్లు పోతుంది. చెట్ల కింద, గుట్టల పక్కన సిగ్నల్ సరిగా అందదు, చేతి పరికరం కొన్ని మీటర్లు తప్పు చూపవచ్చు. 5 మీటర్లు అంటే 17 నానోసెకన్లు. ఎకరం చెలక నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు. అందులో ఒక పక్క గట్టు 5 మీటర్లు లోపలికి జరిగితే 3 గుంటలు పోతాయి. అందుకే కొలిచే రోజు ఇంట్లో ఉండకండి. ప్రతి మూల దగ్గర కాసేపు ఆగమనండి. ఆకాశం కనబడే చోట నిలబడి అంకె తీయమనండి. ఆ అంకెలు మీ నోటుబుక్కులో కూడా రాసుకోండి. గట్టు తెలిసిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి.

ఇక తేదీ సంగతి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఒక గీత గీసింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడికి ఆ భూమి మీద హక్కు, నాలుగు హెక్టార్ల దాకా. తెలంగాణలో 2023 జూన్ 30న మొదలుపెట్టి పంచిన పోడు పట్టాలకు కూడా మూలం ఆ చట్టమే. మన పెద్దలకు డిసెంబరు 13 తెలియదు. వాళ్లకు తెలిసినది వేరు. వంతెన కట్టిన ఏడు, పెద్ద వరద ఏడు, పిల్ల పెళ్లయిన ఏడు, మేడారం జాతర రెండుసార్లు వెళ్లొచ్చాక. “ఏ సంవత్సరం?” అని ఆఫీసులో గట్టిగా అడిగితే తాత నోరు పెగలదు. అప్పుడు పక్కన చదువుకున్న మనవడు ఉండాలి.

ఆ చట్టం నిబంధనల్లో 13వది చదవండి. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం రాతలో పెడితే అదీ ఆధారమే. ఇల్లు, గట్లు, చదును చేసిన నేల కూడా ఆధారాలే. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూడాలని కూడా అందులోనే ఉంది. “గోదారి పెద్ద వరదప్పుడు మా చెలకలో కంది ఉంది” అని పక్కింటి తాత చెబితే, అందులో తేదీ లేదని వదిలేయకూడదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 1990లో 70.8, 2022లో 71.3 అడుగులకు వచ్చింది. తాత చెప్పిన వరద ఏదో, తరవాత ఏమి జరిగిందో అడిగి తెలుసుకుంటే సంవత్సరం తేలుతుంది. 1986 అయితే ఆ చెలక గీతకు 19 ఏళ్ల ముందుది. వరద ముందు, గీత తరువాత. ఈ వరసను ఏ గడియారమూ మార్చలేదు.

అయితే గీత గీతే. దానికి అటు ఉన్నవాళ్ల సంగతి కూడా మనం మరచిపోకూడదు. 2005 నుంచి బస్తర్‌లో గొడవలకు ఊళ్లు వదిలి మన అడవికి వచ్చిన గుత్తికోయల భాష మన భాషకు చుట్టం, దేవతలు చుట్టాలు. కానీ వాళ్లు గీతకు అటు, రాష్ట్ర సరిహద్దుకూ అటు. ఎస్టీ జాబితా రాష్ట్రానికి ఒకటి కాబట్టి అక్కడి గుర్తింపు ఇక్కడ పనికిరాదు. వాళ్ల పిల్లలు మన బడికి వస్తే, తేదీ అడగక ముందు పేరు అడగండి.

ఎవరు కదిలారు అన్నది కూడా ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాని మీద ఉంటుంది. రైల్లో కూర్చుంటే చెట్లు వెనక్కి పరుగెడతాయి. భద్రాచలం ఏజెన్సీ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, తరవాత ఖమ్మం. 2014లో ఎటపాక, కూనవరం, చింతూరు వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. 2016లో భద్రాచలం కొత్త జిల్లాలోకి వచ్చింది. ఒకే గుడిసెలో పుట్టి అదే గుడిసెలో ముసలిదైన అవ్వకు ఇన్ని చిరునామాలు. అవ్వ కదలలేదు, మ్యాపు కదిలింది. ఆఫీసు పుస్తకంలో మాత్రం అవ్వే కదిలినట్టు ఉంటుంది.

మన నేల కింద ఇంకా పాత కాలం ఉంది. ఇల్లందు, కొత్తగూడెం బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. ఆ రాళ్లకు శాస్త్రవేత్తలు గోండ్వానా అని పేరు పెట్టారు, గోండుల నేల పేరు మీద. అప్పుడు కలిసి ఉండి తరవాత విడిపోయిన ఖండాల సమూహానికి కూడా అదే పేరు. ప్రపంచంలో ఏ బడిలో భూగోళ చరిత్ర చెప్పినా మన చుట్టాల పేరు పలకాల్సిందే. రాత్రి ఆకాశంలో పిల్లల కోడి చుక్కలను చూడండి. ఆ వెలుగు అక్కడి నుంచి బయలుదేరి దాదాపు 440 ఏళ్లయింది. కంచర్ల గోపన్న భద్రాచలం గుడి కట్టించక ముందే దారి పట్టిన వెలుగు ఇవాళ మన కంట్లో పడుతోంది. మనం చూసే ఆకాశంలో ఒక్కో చుక్కది ఒక్కో కాలం.

ఇవన్నీ పెద్ద చదువులవాళ్ల సంగతులని అనుకోవద్దు. ఐన్‌స్టీన్ వ్యాసాలను మొదట ఇంగ్లీషులోకి తెచ్చి 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా అచ్చు వేయించినవారు మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్. సాహా తూర్పు బెంగాల్ పల్లెలో పేద ఇంట పుట్టినవాడు. అప్పటికి ఇద్దరూ ముప్పై దాటని కుర్రవాళ్లు. తెలియనిదాన్ని వాళ్లు తమ చేతికి తెచ్చుకున్నారు.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, బడి సార్లకూ మేడమ్‌లకూ ఒక పని చెప్పి ముగిస్తాం. ఈ ఎండాకాలం సెలవుల్లో మీ గూడెం కాలపట్టీ ఒకటి రాయండి. ఒక పక్క పెద్దలు చెప్పిన గుర్తులు రాయండి. వరదలు, కరువులు, జాతరలు, రోడ్డు పడిన ఏడు, బడి పెట్టిన ఏడు, ఎవరు ఎక్కడ మొదట నాగలి కట్టారో. ఇంకో పక్క వాటికి సరిపోయే సంవత్సరాలు వెతికి రాయండి. చెప్పిన పెద్దమనిషి పేరు, రాసిన తేదీ, రాసినవారి సంతకం పెట్టండి. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి గ్రామసభ దగ్గర ఉంచండి. పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఒక్కో తాతతో పాటు ఒక గడియారం ఆగిపోతోంది. అది చూపిన టైము ఎవరైనా రాసి పెట్టుకుంటేనే మన చెలకకు సాక్ష్యం మిగులుతుంది.